పాదిరి చదువులో మౌల్వీ సాబు

మంటలోకి ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యి బిడ్డా, ఈ ముచ్చట పొడుగైంది. వచ్చే జూన్‌లో వేదాంత కళాశాలకు పోతున్నావు. పొద్దున మీ అమ్మ నన్నడిగింది, "పాదిరి చదువులో ఖురాను, గీత కూడా చెప్తరట గద మామా, మన పిలగానికి అవెందుకు?" అని. అడగటంలో తప్పేం లేదు. కన్నబిడ్డను దేవుని సేవకు ఇస్తున్న తల్లి ఆమాత్రం భయపడుతుంది. సంఘ పెద్దల్లో కూడా చాలామందికి ఇదే అనుమానం. వేరే మతాలవాళ్ల మధ్య కూర్చుని చదివితే మనవాడి విశ్వాసం పలచబడుతుందేమోనని. నా విశ్వాసం గట్టిపడింది అక్కడే. ఎట్లాగో చెప్తా, విను.

ముందు మా బాపు సంగతి చెప్పాలి. ఆయన్ను ఊరి పంతులుగా పంపింది బిషప్ అజరయ్య గారు. తిరునెల్వేలి వైపు పుట్టిన తమిళుడాయన. 1912లో కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు. మన తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి కట్టించుకుని ఊరూరా తిరిగారు. భజనకూ, కోలాటానికీ, పల్లె పాటకూ గుళ్లో చోటిచ్చారు. డోర్నకల్లో ఆయన కట్టించిన పెద్ద గుడిని 1939లో ప్రతిష్ఠ చేశారు. నువ్వు చూసిందే కదా. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు కనబడతాయి. దగ్గరికి పోతే దేవాలయ మండపంలో ఉండేలాంటి స్తంభాలు. చుట్టుపక్కల ఊళ్లల్లో ఎవరు ఎట్లా మొక్కుతారో కళ్లారా చూసి కట్టించిన గుడి అది. ఇంగ్లండు నుంచి నమూనా తెప్పించుకుని కట్టింది కాదు.

మా బాపు చదువు తక్కువే. కానీ ఆయన బళ్లో అన్ని కులాల పిల్లలూ, సాయిబుల పిల్లలూ కూర్చునేవాళ్లు. పొద్దున ప్రార్థన చెప్పి, వెంటనే వేమన పద్యం అందుకునేవాడు. వీధిలో నిలబడి వాక్యం చెప్పేటప్పుడు కూడా మధ్యలో వేమన రాకుండా ఉండేవాడు కాదు. పద్యం విన్నాకే జనం నిలబడేవాళ్లని అనేవాడు.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యంలోకి భారత పటాలం దిగి పోలీసు యాక్షన్ జరిగినప్పుడు నేనింకా తల్లి ఒళ్లో ఉన్నా. ఇదంతా మా అమ్మ చెప్పగా విన్నదే. అంతకుముందు నిజాం వైపు రజాకార్ల భయంతో ఊరు ఊరంతా వణికింది. పటాలం వచ్చాక ఆ కోపం ఏ పాపమూ ఎరగని సాయిబుల మీదికి మళ్లింది. మా ఊళ్లో ఒక దర్జీ కుటుంబం ఉండేది. ఒక రాత్రి వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని బడి దగ్గరికి వచ్చారు. బాపు వాళ్లను గుడి వెనక వంటకొట్టంలో దాచాడు. మా అమ్మ రోజూ జొన్నరొట్టెలు కాల్చి, గుడ్డలో మూటగట్టి, బావికి నీళ్లకు పోతున్నట్టు బిందెలో పెట్టుకుని తీసుకుపోయేది. ఊరి పెద్దలు వచ్చి అడిగితే బాపు వాకిట్లో నిలబడి "నా బడి పిల్లలు వాళ్లు, నన్ను దాటి పోండి" అన్నాడట. అబద్ధం ఆడలేదు. దాచలేదని చెప్పలేదు. వాళ్లు వెనక్కి తిరిగారు. చాలా ఏళ్ల తర్వాత నాకు గురుపట్టం ఇచ్చే రోజున నేను తొడుక్కున్న తెల్ల అంగీ ఆ దర్జీ తాత కుట్టిందే. మెడపట్టీ కింద లోపలివైపు సన్నని కుట్టు వేసి, "ఇక్కడ చెమట పడుతది, చిరగకుండ డబల్ ఏసిన పంతులు కొడుకా" అన్నాడు. కూలి తీసుకోలేదు.

ఇప్పుడు నా చదువు సంగతికి వస్తా. రాజమండ్రిలో 1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలైంది. అంతకుముందు లూథరన్‌లది ఒక బడి, బాప్టిస్టులది ఒక బడి, మన డోర్నకల్లో ఒకటి, ఇట్లా ఎవరి పాదిరిని వాళ్లు తయారు చేసుకునేవాళ్లు. అందర్నీ ఒక్కచోటికి తెచ్చారు. నేను పోయేసరికి ఇంకా గోదావరి ఒడ్డునే ఉంది. హాస్టల్లో రాత్రిళ్లు పెద్ద వాదాలు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వచ్చా, నీళ్లు చిలకరిస్తే చాలునా, ముంచాల్సిందేనా అని. ఒకరి ప్రభువు బల్లలో ఒకరు చెయ్యి చాపాలా వద్దా అని కూడా తగువే. పక్క మతం దాకా ఎందుకు, ముందు మాలో మేము ఒకరి ప్రార్థనకు ఒకరు ఆమెన్ అనడం అక్కడ నేర్చుకున్నాం. డెబ్బయ్యో దశకం తొలినాళ్లలో కళాశాలను హైదరాబాదుకు మార్చారు. లోయర్ ట్యాంక్‌బండ్ పక్కన గాంధీనగర్‌లో. అప్పటిదాకా గోదావరి గాలి పీల్చిన కోస్తా పిల్లలకు హైదరాబాదు కొత్త లోకం. పొద్దున్నే అజాన్, ఆ వెంటనే గుడిగంట, ఆ తర్వాత మా చాపెల్ గంట. బస్సెక్కితే ఉర్దూ.

మాకిచ్చే బి.డి. పట్టా మీద సేరంపూర్ పేరు ఉంటుంది. నీకూ అదే వస్తుంది. ఆ పేరు వెనక కథ తెలుసుకుని పో. హుగ్లీ నది ఒడ్డున కలకత్తాకు ఎగువన ఉన్న ఊరు సేరంపూర్. అప్పుడది డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే ముగ్గురు 1818లో అక్కడ కాలేజీ పెట్టారు. మొదట చేరింది 37 మంది, అందులో క్రైస్తవులు 19 మందే. తక్కినవాళ్లలో హిందువుల పిల్లలు ఉన్నారు. అంటే సేవకుల్ని తయారుచేసే బడి పుట్టిన రోజునే పక్క మతంవాడు పక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఆ కాలేజీకి పట్టాలిచ్చే హక్కు రాసిచ్చాడు. 1833లో రాసుకున్న నిబంధనల్లో కులం గానీ రంగు గానీ దేశం గానీ ఎవరి ప్రవేశానికీ అడ్డు కాకూడదని పెట్టుకున్నారు. 1915 నుంచి ఆ హక్కుతోనే బి.డి. పట్టాలు ఇస్తున్నారు.

ఇంకో సంగతి. కేరీకి సంస్కృతం, బెంగాలీ నేర్పింది పండితులు. ఫోర్ట్ విలియం కాలేజీలో ఆయన దగ్గర ప్రధాన పండితుడు మృత్యుంజయ విద్యాలంకారుడు. 1814లో కేరీ పేరు మీద మన తెలుగుకు కూడా వ్యాకరణం ఒకటి సేరంపూర్ ప్రెస్సులో అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. ఆ పనుల వెనక పండితుల చెయ్యి ఎంతుందో ఊహించుకో. మన చేతిలో బైబిల్ ఉందంటే అందులో బొట్టుపెట్టుకున్న గురువుల చాకిరీ కూడా ఉంది. దాన్ని మరిచిపోతే కృతఘ్నత అవుతుంది.

హెన్రీ మార్టిన్ అని ఇంకొకడు. ఈస్టిండియా కంపెనీలో చాప్లెయిన్‌గా 1806లో వచ్చాడు. సేరంపూర్ పక్కనే పాడుబడిన గుడి ఒకటుంటే అందులో కూర్చుని చదువుకునేవాడు, ప్రార్థించుకునేవాడు. కొత్త నిబంధనను హిందుస్తానీలోకి తెచ్చేటప్పుడు మీర్జా ఫిత్రత్ అనే ముస్లిం పండితుడు పక్కన ఉండి సాయం చేశాడు. పారసీ తర్జుమా కోసం షిరాజ్ దాకా పోయి, అక్కడి ముల్లాలతో రోజుల తరబడి మాట్లాడుతూ మీర్జా సయ్యద్ అలీతో కలిసి పూర్తి చేశాడు. 1812లో ఇంగ్లండుకు తిరిగిపోతూ తుర్కీలో తోకాత్ అనే ఊళ్లో జబ్బుచేసి చనిపోయాడు. వయసు 31. ఆయన పేరు మీద 1930లో లాహోర్‌లో ఒక సంస్థ పెట్టారు. అది అలీగఢ్, జబల్‌పూర్, లక్నో తిరిగి తిరిగి 1971లో మన హైదరాబాదుకొచ్చింది. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది, అప్పుడు నాంపల్లి స్టేషన్ రోడ్డు వైపు. మొదట్లో ముస్లిములకు సువార్త చెప్పేవాళ్లను తయారు చెయ్యడమే దాని పని. పోనుపోను ఇస్లాంను సరిగ్గా చదవడం, ఇరువైపులా మనుషుల్ని దగ్గర చెయ్యడం దాని పనైంది. ఆ మార్పు నచ్చనివాళ్లు సంఘాల్లో అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఆ రోజుల్లో పాదిరీలకూ, వేదాంత విద్యార్థులకూ ఇస్లాం గురించి పెట్టే చిన్న కోర్సు ఒకదానికి నేనూ పోయా. అక్కడే మౌల్వీ సాబు పాఠం విన్నాను. బక్కపలచని మనిషి. తెల్ల షేర్వానీ, చేతిలో నల్ల గొడుగు, ఎండకైనా వానకైనా. క్లాసులోకి రాగానే బల్ల మీద తెల్ల రుమాలు పరిచి, దాని మీద ఖురాను పెట్టి, మమ్మల్ని కూడా బైబిళ్లు నేల మీద నుంచి తీసి బల్లల మీద పెట్టమన్నారు. "మీ కితాబును మీరు కింద పెడితే నా కితాబు గురించి నేనేం చెప్పాలి?" అన్నారు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నా బైబిల్ నేల మీద పెట్టలేదు.

ఆయన ముందు ఎత్తుకుంది మరియమ్మ గురించి. ఖురానులో ఉన్నవి 114 సూరాలు, అందులో పంతొమ్మిదోది ఆమె పేరు మీదే ఉంది. మక్కాలో బాధలు పడలేక కొందరు ముస్లిములు సముద్రం దాటి అబిసీనియాకు పోయారట. అక్కడి రాజు క్రైస్తవుడు. వాళ్లను తిరిగి అప్పజెప్పమని మక్కా పెద్దలు మనుషుల్ని పంపారు. రాజు ఇరువైపులవాళ్లనూ పిలిచి, మీ గ్రంథంలో ఏముందో వినిపించమన్నాడు. జాఫర్ అనే ఆయన మరియమ్మ సూరా మొదటి భాగం చదివాడు. విని రాజు ఏడ్చాడు. వాళ్లను అప్పజెప్పనన్నాడు. ఇది ముస్లిములు తరతరాలుగా చెప్పుకునే చరిత్ర. మౌల్వీ సాబు అరబీలో ఆ భాగం చదివి, ఉర్దూలో అర్థం చెప్పి, "మా వాళ్లకు మొదట నీడనిచ్చింది మీ వాడు" అన్నారు. నాకు వెంటనే మా ఊరి వంటకొట్టం గుర్తుకొచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా బాపు పేరు అడిగి, తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

తియ్యటి మాటలతో సరిపెట్టే మనిషి కాదాయన. మాలో ఒకడు లేచి సిలువ గురించి అడిగాడు. యేసును సిలువ వెయ్యలేదని ఖురాను చెప్తుందని ఆయన దాచకుండా చెప్పారు. "ఇక్కడ మీ దారి వేరు, నా దారి వేరు. కలిపినట్టు నటిస్తే ఇద్దరం అబద్ధాలకోరులం" అన్నారు. తర్వాత ఆయన వంతు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురై ఉండి దేవుడు ఒక్కడే ఎట్లా అవుతాడో తనకు అర్థమయ్యేటట్టు చెప్పమన్నారు. పరీక్షల్లో త్రిత్వం మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం. ఆయన ముందు ఆ నోట్సులో ఒక్క వాక్యం కూడా పని చెయ్యలేదు. "వ్యక్తి", "సారం" అంటే ఏమిటని ఎదురు ప్రశ్న వేసేవారు. రాత్రిళ్లు మళ్లీ మొదటి నుంచి చదివాం. పాతకాలం సంఘ పితరులు ఆ మాటల కోసం ఎందుకంత పోరాడారో అప్పుడు తెలిసింది. మనవాళ్ల మధ్యే కూర్చుంటే ఆ ప్రశ్న ఎవడూ వెయ్యడు బిడ్డా. ఒప్పుకున్నవాడి ముందు ఒప్పించాల్సిన పని ఉండదు. సానరాయి లేకుండా కత్తికి పదును రాదు, మాకు ఆ సానరాయి మౌల్వీ సాబే.

కళాశాలలో ఇంకో తగువు నడిచేది, మతాల పాఠం జరిగేటప్పుడు. 1938 చివర్లో మద్రాసు పక్కన తాంబరంలో ప్రపంచ మిషన్ల మహాసభ జరిగింది. దానికోసం హెన్‌డ్రిక్ క్రేమర్ అనే డచ్చి పండితుడు పెద్ద పుస్తకం రాశాడు. క్రీస్తులో దేవుడు చూపించింది వేరు, మనుషుల మతాలు వేరు, ఒకదానికి ఇంకొకటి మెట్టు కాదు అని. దానికి మనవాళ్లు ఎదురు నిలబడ్డారు. అందులో నెల్లూరు బిడ్డ పండిపెద్ది చెంచయ్య ఉన్నాడు. 1886లో పుట్టాడు, వకీలు, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా చేశాడు. హిందూ ఇంట్లో పుట్టి క్రీస్తును నమ్మినవాడు. నన్ను పెంచిన మతాన్ని శత్రువుగా చూడలేను, అది నా ఆత్మను సాకిన తల్లి అన్న అర్థంలో వాదించాడు. క్లాసు రెండుగా చీలిపోయేది. క్రేమర్‌ను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఆయన జావాలో ఏళ్ల తరబడి పనిచేసినవాడు, ఇస్లాం లోతుగా చదివినవాడు, క్రీస్తు సాటిలేనివాడన్న పట్టు వదలనివాడు. ఆ పట్టు నాకూ ఉంది. అయినా నేను చెంచయ్య వైపు కూర్చున్నా. మా నానమ్మ సువార్త వినకముందు కూడా ఆకలిగొన్నవాణ్ణి వాకిట్లోంచి పంపలేదు. ఆ మంచి ఆమెకు ఎవరిచ్చారు? దేవుడు కాక!

ఈ చదువు ఎక్కడ పనికొచ్చిందని అడుగుతావు. ఒక్కటి చెప్తా. నేను కాపరిగా ఉన్న పల్లెలో ఒక ముసలమ్మ ఉండేది. బాప్తిస్మం తీసుకుంది. కొడుకులు తీసుకోలేదు. ఆమె చనిపోతే శవం వాకిట్లో ఉండగానే పంచాయితీ మొదలైంది. పెద్దకొడుకు దహనం చేస్తానంటాడు, సంఘంవాళ్లు సమాధి అంటారు. కర్రలు కూడా లేచాయి. నేను పోయి పెద్దకొడుకు పక్కన నేల మీద కూర్చున్నా. తల్లికి కొడుకు చెయ్యాల్సిన రుణం గురించి అతని శాస్త్రం ఏం చెప్తుందో నాకు తెలుసు కాబట్టి అతని బాధ అర్థమైంది. అమ్మ ఏం కోరుకుందో నువ్వే చెప్పమన్నా. కాసేపటికి "మట్టిలోనే పెట్టమంది" అన్నాడు. మా ప్రార్థనతో సమాధి చేశాం. మొదటి పిడికెడు మట్టి అతనే వేశాడు. పదకొండో రోజు అతనింట్లో భోజనానికి పిలిస్తే పోయా, తిన్నా, అతనడిగితే ప్రార్థన చేశా. సంఘ పెద్దలు కొందరు గొణిగారు. నేను పట్టించుకోలేదు. ఆ ఊళ్లో మన శ్మశానం స్థలం మీద తర్వాత గొడవ వచ్చినప్పుడు మన తరఫున నిలబడింది ఆ పెద్దకొడుకే.

1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీ తగలబడింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. నేను అప్పుడు సికింద్రాబాదులో ఉన్నా. హెన్రీ మార్టిన్ సంస్థవాళ్లు పుస్తకాలు మూసి బస్తీల్లోకి పోయారు. ఇరువైపులా దెబ్బతిన్నవాళ్లకు సాయం చేశారు. ఆ పని అక్కడితో ఆగలేదు. సుల్తాన్‌షాహీలో అమన్ శాంతి అని కేంద్రం పెట్టారు. ఆడవాళ్లకు కుట్టుపని, పిల్లలకు చదువు. ఒకసారి చూద్దామని పోయా. ఇరుకు గది. బురఖా పక్కకు మడిచిపెట్టి ఒకామె మిషన్ తొక్కుతోంది, నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న ఇంకొకామె ఆమెకు జాకెట్టు చేతులు కత్తిరించి ఇస్తోంది. కత్తెర ఒక్కటే ఉంది, ఇద్దరూ దాన్ని అందిపుచ్చుకుంటున్నారు. ఆ గదిలో ఎవరూ ప్రసంగం చెయ్యలేదు. వేదాంత విద్యార్థిని అక్కడ ఒక పూట కూర్చోబెడితే నేను చెప్పే పాఠం వాడికి అక్కర్లేదు.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఆరు నెలల బైబిల్ శిక్షణలు. ప్రహరీ గోడ లోపల పిల్లల్ని కూర్చోబెట్టి, బయటివాళ్లంతా చీకట్లో ఉన్నారని నూరిపోసి, మైకు చేతికిచ్చి ఊళ్ల మీదికి పంపుతున్నారు. ఆ పిల్లలకు భక్తి ఉంది, కష్టపడే గుణం ఉంది. కానీ పక్కింటివాడు ఏమని మొక్కుతాడో, దేనికి ఏడుస్తాడో తెలియదు. ఎదుటి వైపు కూడా ఇప్పుడు అట్లాగే తయారవుతున్నారు. నాకు భయమేస్తోంది. మా కాలంలో మమ్మల్ని ఆ గోడ దాటించిన గురువుల్ని తలచుకుంటే వాళ్లెంత ధైర్యం చేశారో ఈ రోజు తెలుస్తోంది.

అందుకని నువ్వు పోతున్న చోట ఖురాను చెప్పినా, గీత చెప్పినా మనసుపెట్టి చదువు. నమాజు చూడ్డానికి తీసుకుపోతే చెప్పులు విడిచి వెనక నిలబడు, ఫోన్ బయటకు తియ్యకు. నీ క్రీస్తు గురించి అడిగితే తడబడకుండా చెప్పు, అడగనప్పుడు విను. జూన్‌కు ఇంకా టైముంది. మన వీధి చివర రిటైరైన ఉర్దూ మాష్టారు ఉన్నారు కదా, అలిఫ్ బే దగ్గర్నుంచి నేర్పిస్తానని నాకు మాటిచ్చారు. రేపు ఫజర్ నమాజు అయ్యాక ఇంట్లోనే ఉంటారు. పలకా బలపం పట్టుకుని పో. మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే.